ఆడవాళ్ళ ఆరోగ్యం కోసం ఊళ్ళో పనిచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి: ఒక రిటైర్డ్ నర్సమ్మ సమాధానం

కావలి దగ్గర పల్లెటూరు, డిగ్రీ అయింది, ఇంటి నుంచే చెన్నై కంపెనీకి పని చేస్తున్నావు, శని ఆదివారాలు ఖాళీ. మీ వైపు ఆడవాళ్ళకి కాన్పులు, అబార్షన్, కుటుంబ నియంత్రణ, గర్భసంచి జబ్బులకి తక్కువ ఖర్చుతో, మనిషికో తీరు కాకుండా వైద్యం అందేలా ఏదైనా చేయాలనుంది. మెడికల్ చదువు లేదు కాబట్టి పనికొస్తానా, ట్రస్టు పెట్టాలా, అవగాహన సదస్సులు పెట్టాలా అని అడిగావు. నా కూతురి ఈడుదానివి, 'నువ్వు' అని పిలుస్తున్నందుకు ఏమనుకోకు.

మెడికల్ చదువు అక్కర్లేదు. ట్రస్టు ఇప్పుడే వద్దు. సదస్సులు అసలే వద్దు. నేను ఏఎన్ఎంగా చేరి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఉదయగిరి మెట్టలో చాలాకాలం, తర్వాత మీ కావలి వైపు సముద్రం పక్క ఊళ్ళలో పనిచేశాను. ఇప్పుడు కనిగిరిలో కూతురింట్లో ఉంటూ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళతో ఆస్పత్రులకి తిరుగుతుంటాను. ఇన్నేళ్ళలో నాకు తెలిసిందొకటే. వాళ్ళకి కొరవగా ఉన్నది సమాచారం కాదు, ఆస్పత్రిదాకా వెంట వచ్చి పని అయ్యేదాకా పక్కన నిలబడే మనిషి.

కాగితం మీద చూస్తే అంతా ఉచితమే. 2011 నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం ఉంది. సర్కారు ఆస్పత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, మామూలు కాన్పయితే మూడు రోజులు, సిజేరియన్ అయితే ఏడు రోజులు భోజనం, ఇంటి నుంచి ఆస్పత్రికి, మళ్ళీ ఇంటికి బండి, ఏ ఒక్కదానికీ పైసా కట్టక్కర్లేదు. రానుపోను ఖర్చు కూడా తగ్గింది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా. మరి ఖర్చెక్కడ? ఊరి నుంచి బస్సు ఆగే రోడ్డుదాకా షేర్ ఆటో. పోయిన కూలి. వెంట వచ్చినవాళ్ళ కూలి. బయట ల్యాబులో రాసిన పరీక్ష. వార్డులో చేతి ఖర్చులు. ఇవి లెక్కేసుకునే మా మెట్ట ఊళ్ళ మనిషి "ఇంకో వారం చూద్దాంలే" అంటుంది. ఆ వారం నెలవుతుంది.

అందుకే ముందు నువ్వు చేయాల్సింది నీ మండలాన్ని నేర్చుకోవడం. మీ పీహెచ్‌సీలో ఏ డాక్టర్ ఏ రోజు ఉంటారు, స్కానింగ్‌కి ఎక్కడికి పంపుతారు, ఏరియా ఆస్పత్రిలో గైనకాలజిస్టు ఓపీ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది, కాపర్-టీ వేసేది ఎవరు, అబార్షన్ చేయడానికి అనుమతి ఉన్న ఆస్పత్రి దగ్గరలో ఏది, కావలిలో కుదరకపోతే నెల్లూరు పెద్దాస్పత్రికా, ఒంగోలుకా? ఇవి ఏ వెబ్‌సైట్‌లోనూ సరిగ్గా దొరకవు. వెళ్ళి కూర్చుంటేనే తెలుస్తాయి. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి నీ శని ఆదివారాల్లో సగం పనికిరాదు. ప్రతి నెలా 9వ తారీఖున గర్భిణులకి డాక్టర్ చూసే కార్యక్రమం ఉంటుంది, 2016 నుంచి జరుగుతోంది. ఆ రోజు సెలవైతే మరుసటి పనిదినం పెడతారు. నెలకొక లీవు ఆ రోజుకి పెట్టుకో. పొద్దున్నే పీహెచ్‌సీ వరండాలో కూర్చుంటే ఎవరికి ఏం కష్టమో నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మీ ఊరి ఆశా వర్కర్‌ని, సచివాలయం ఏఎన్ఎంని ముందు కలువు. ఆశాకి పోటీగా వచ్చావని అనిపించిందంటే నీ పని అక్కడితో సరి. "అక్కా, నువ్వు వెళ్ళలేని రోజు నేను వెంట వెళ్తా, ఎవరికి తోడు కావాలో చెప్పు" అను. ఆశాకి రిజిస్టర్లు, యాప్‌లు, సర్వేలు, మీటింగులు సరిపోతాయి. ఆవిడ సంతోషంగా ఒప్పుకుంటుంది. మొదటి కేసు ఆవిడే ఇస్తుంది.

వెంట వెళ్ళినప్పుడు పెద్దగా మాట్లాడక్కర్లేదు. కాన్పు వార్డుల్లో మగపిల్లాడైతే ఒక రేటు, ఆడపిల్లయితే ఒక రేటు అని బిడ్డని చూపించడానికి డబ్బులడిగే ఆనవాయితీ నేను చూసిందే. అన్ని చోట్లా కాదు, అందరూ కాదు. అలా అడిగినప్పుడు గొడవపడకు, ఉపన్యాసం ఇవ్వకు. "రసీదు ఇస్తారా అక్కా?" అని మెల్లగా అడుగు. ఈ ఒక్క మాటకి చాలా చోట్ల చేతులు వెనక్కి పోతాయి. పోకపోతే ఆస్పత్రి పాలన చూసే డాక్టర్, అదే ఆర్ఎంఓ దగ్గరికి, అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి. అయితే అర్జీ ఆ మనిషి డిశ్చార్జి అయ్యాకే పెట్టు. బిడ్డ ఇంకా వాళ్ళ చేతుల్లో ఉండగా తగువు పెట్టుకుంటే భరించేది బాలింత, నువ్వు కాదు.

ఇప్పుడు నువ్వు ప్రశ్నలో ఒక్క మాటలో వదిలేసిన గర్భసంచి సంగతికి వస్తా. మన వైపు నీకు ఎక్కువ పని పడేది ఇక్కడే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశంలోకెల్లా మన రాష్ట్రంలోనే ఎక్కువ. 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో దాదాపు 9 శాతం. పద్దెనిమిదికి పెళ్ళి, ఇరవై మూడుకి ఇద్దరు పిల్లలు, వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ముప్పై దాటగానే "పిల్లలు ఎటూ వద్దు, ఇంక ఆ సంచి ఎందుకు" అనే మాట. ఆ మాట ఇంట్లోవాళ్ళూ అంటారు, ఆర్ఎంపీలూ అంటారు, ఆఖరికి ఆమే అంటుంది.

ఉదయగిరి వైపు ఒకామె, కూలికి వెళ్ళే మనిషి, తెల్లబట్ట, నడుము నొప్పి అని ఊరి ఆర్ఎంపీకి చూపించుకుంది. ఆయన టౌన్లో స్కానింగ్‌కి పంపాడు. రిపోర్టు బట్టల షాపు కవర్లో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. అందులో 'బల్కీ యుటరస్', అంటే గర్భసంచి కాస్త పెద్దది అన్నచోట ఎర్ర పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టి ఉంది. "తీసేయకపోతే క్యాన్సరవుద్దంట మేడమ్, డబ్బులు మూడు రూపాయల వడ్డీకి మాట్లాడుకున్నా" అంది. నేను వద్దనీ చెప్పలేదు, తీయించుకోమనీ చెప్పలేదు. "ఇంకొక డాక్టరమ్మకి చూపించి, ఆమె కూడా అదే అంటే వెళ్ళు" అన్నా. వెంట వెళ్ళి సర్కారు ఆస్పత్రి గైనిక్ ఓపీలో కూర్చున్నాం. డాక్టరమ్మ లోపల పరీక్ష చేసి, క్యాన్సర్ అనుమానం ఉందేమోనని గర్భసంచి ముఖద్వారానికి మందు పూసి చూశారు. అదేం లేదు, ఇన్‌ఫెక్షన్ అన్నారు. భార్యాభర్తలిద్దరికీ మందులు రాశారు. మొగుడు నాకెందుకు మాత్రలు అని నసిగాడు. ఆయన మింగకపోతే ఆమెకి మళ్ళీ వస్తుందని డాక్టరమ్మే చెప్పి పంపారు. గర్భసంచి అలాగే ఉంది, వడ్డీకి మాట్లాడుకున్న డబ్బు తీసుకోలేదు.

ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్న మనిషికి గర్భసంచి కాస్త పెద్దగా కనిపించడం మామూలే. చిన్న చిన్న నీటితిత్తులు కనపడటమూ చాలాసార్లు మామూలే. అలాగని గర్భసంచి ఆపరేషన్ ఎప్పుడూ తప్పని కాదు. క్యాన్సర్, మందులకి లొంగని రక్తస్రావం, పెద్ద కంతులు, బాగా జారిన గర్భసంచి, ఇలాంటివాటికి తీయాల్సిందే. తీయాల్సిన మనిషి భయపడి ఆగిపోవడమూ చూశాను. మన పని ఏమిటంటే, ఆమె మూడు ప్రశ్నలు అడిగేలా చూడటం: ఇది క్యాన్సరా, పరీక్ష చేశారా? ముందు మందులతో, హార్మోన్ మాత్రలతో చూడొచ్చా? తీస్తే అండాశయాలు ఉంచుతారా? ఆ చివరిది ముఖ్యం. చిన్న వయసులో అవి కూడా తీసేస్తే ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం ముందే మొదలవుతాయి. నలభైకే మోకాళ్ళు పట్టుకు కూర్చునేవాళ్ళని మెట్ట ఊళ్ళలో చూస్తే నీకే అర్థమవుతుంది. ఈ అనవసర ఆపరేషన్ల మీద కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాలకి చెప్పింది. కోర్టు చెప్పింది సరే, ఊళ్ళో ఎర్ర పెన్ను ఇంకా తిరుగుతూనే ఉంది.

కుటుంబ నియంత్రణ. నేను ఉద్యోగంలో చేరినప్పుడు టార్గెట్లు ఉండేవి, ఏఎన్ఎంకి ఇన్ని ఆపరేషన్లని. 1996లో వాటిని తీసేశారు. అలవాటు మాత్రం పోలేదు. రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, మగవాళ్ళలో ఒక్క శాతం కూడా లేరు. నిన్నటిదాకా ఇద్దరు చాలన్నారు, మూడో బిడ్డ ఉంటే సర్పంచికి నిలబడనివ్వలేదు. 2024లో ఆ నిబంధన ఎత్తేసి ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. రెండుసార్లూ ఆమెని అడిగినవాళ్ళు లేరు. నువ్వు ఏ పక్షాన్నీ మోయకు. ఎవరికి ఎంతమంది పిల్లలన్నది నీకు అనవసరం. ఏమేం ఉన్నాయో చెప్పి ఊరుకో.

ఉన్నవి సర్కారులో ఉచితంగానే దొరుకుతాయి. మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి వేసుకునే ఛాయా మాత్రలు, ఐదేళ్ళవీ పదేళ్ళవీ కాపర్-టీలు, కండోమ్‌లు. కాన్పయిన 48 గంటల్లోపే కాపర్-టీ వేయించుకోవచ్చు. అంతర వేసుకున్నాక నెలసరి అటూ ఇటూ అవుతుంది, కొందరికి ఆగిపోతుంది. "చెడు రక్తం లోపలే పేరుకుపోతోంది" అని అత్త అంటుంది, ఈమె రెండో డోసుకి రాదు. ముందే చెప్పి ఉంచితే వస్తుంది. ఆపాక మళ్ళీ కడుపు నిలవడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చని కూడా చెప్పాలి. దాచి వేయిస్తే నమ్మకం పోతుంది. భర్త సంతకం లేకుండా ఆపరేషన్ చేయమనడం చాలా చోట్ల వింటావు. నిబంధనల ప్రకారం కావాల్సింది చేయించుకునే మనిషి సంతకమే. మగవాళ్ళకి చేసే వేసెక్టమీ కోత, కుట్లు పెద్దగా లేని చిన్న పని. అది చేయించుకుంటే బరువులు ఎత్తలేరన్నది వట్టి మాట. దీని గురించి మగవాళ్ళతో నువ్వు మాట్లాడితే వినరు. మీ అన్నయ్యనో, వరసకి బావనో ఎవరినైనా ఒకరిని కలుపుకో.

అబార్షన్. దీని దగ్గర జాగ్రత్తగా ఉండు, భయపడకు. మన దేశంలో ఇది 1971 నుంచి చట్టబద్ధం. 2021 సవరణ తర్వాత 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య చట్టం చెప్పిన కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. ఆపైన బిడ్డలో తీవ్రమైన లోపాలుంటే మెడికల్ బోర్డు చూస్తుంది. వారాలు లెక్కేసేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. పద్దెనిమిది నిండిన మనిషికి ఆమె ఒప్పుదల ఒక్కటే కావాలి. మొగుడి సంతకం, అత్త సంతకం చట్టంలో లేవు. పెళ్ళికాని ఆడపిల్లని వేరుగా చూడకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న తేల్చింది. పేరు బయటపెట్టే డాక్టర్‌కి జైలు శిక్ష ఉంది. ఇంత ఉన్నా ఆడవాళ్ళు మెడికల్ షాపులో చీటీ లేకుండా మాత్రలు కొనుక్కుని మింగుతున్నారు. షాపులో ఎవరూ ఏమీ అడగరు కనక.

ఆ మాత్రలు మంచివే, డాక్టర్ చూసి తొమ్మిది వారాల్లోపు ఇస్తే. ట్యూబులో నిలిచిన గర్భానికి అవి పనిచేయవు, లోపల ట్యూబు పగిలితే ప్రాణం మీదకొస్తుంది. నువ్వు మాత్రలు కొనివ్వకు, ఎవరి చేతికీ ఇవ్వకు. అప్పటికే మింగిన మనిషి ఫోన్ చేస్తే తిట్టకు. రెండు గంటలపాటు గంటకి రెండేసి ప్యాడ్లు పూర్తిగా తడుస్తున్నా, చలిజ్వరం వస్తున్నా, కళ్ళు తిరిగి పడిపోతున్నా, భుజం దగ్గర నొప్పి వస్తున్నా 108కి ఫోన్ చేసి వెంట వెళ్ళు. ఆస్పత్రిలో ఏం మింగిందో నిజం చెప్పమను. ఇక ఆడపిల్లని తెలుసుకుని తీయించుకుంటామనేవాళ్ళ వెంట వెళ్ళకు. లింగనిర్ధారణ 1994 చట్టం ప్రకారం నేరం.

పద్దెనిమిది లోపు పిల్ల విషయమైతే ఒంటరిగా మోయకు. మెట్ట ఊళ్ళలో బాల్యవివాహాలు ఇంకా జరుగుతున్నాయి. కేసవుతుందని ఆ పిల్లల్ని ఆస్పత్రికి తేకుండా ఆర్ఎంపీ దగ్గర దాస్తారు. పోక్సో చట్టం కింద తెలిసినవాళ్ళెవరైనా సమాచారం ఇవ్వాల్సిందే. అందులో నువ్వూ ఉన్నావు. కానీ అబార్షన్ కోసం వచ్చిన పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే డాక్టర్ పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు చెప్పక్కర్లేదని అదే 2022 తీర్పులో ఉంది. ఈ మాట తల్లిదండ్రులకి తెలిస్తే సగం టెన్షన్ తగ్గి ఆస్పత్రికి వస్తారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, జిల్లా కేంద్రంలో ఆడవాళ్ళకి సాయం చేసే వన్ స్టాప్ సెంటర్‌కి ఫోన్ చేసి వాళ్ళ సాయం తీసుకో.

అందరికీ సమానంగా అన్నావు కదా. మీ వైపు ముందు యానాది కాలనీకి వెళ్ళు. రొయ్యల చెరువుల మీద కాపలా ఉండే కుటుంబాలకి ఒక ఊరంటూ ఉండదు. ఆధార్ ఉండదు, ఉన్నా పేరు తప్పు. ఏ గుర్తింపు కార్డూ లేకపోతే ఉచిత బస్సు కూడా లేదు, ఆధార్ లేకపోతే పథకం డబ్బులూ రావు. కానీ కాన్పుకి ఆధార్ అక్కర్లేదు. ఓపీ కౌంటర్‌లో లేదు పొమ్మంటే అక్కడే నిలబడి డ్యూటీ డాక్టర్‌ని పిలవమను. ఆధార్ పని తర్వాత సచివాలయంలో చేయించు, నీకు కంప్యూటర్ వచ్చు కాబట్టి అది నీ చేతి పని. ఒడిశా నుంచి వచ్చిన కూలీల ఆడవాళ్ళకి భాషే అడ్డం. ఫోన్లో మాట్లాడించగల ఒడియా మనిషిని ఒకరిని చూసి పెట్టుకో. హెచ్ఐవీ ఉన్న గర్భిణిని కాన్పుకి వేరే ఆస్పత్రికి పొమ్మంటే, 2017 చట్టం ప్రకారం అలా వివక్ష చూపకూడదని చెప్పు. మందులు సరిగ్గా వాడితే బిడ్డకి సోకకుండా కాపాడొచ్చు, కాబట్టి అక్కడ ఆలస్యం చేయకూడదు.

పిల్లలు లేనివాళ్ళని కూడా మర్చిపోకు, ఈ పనిచేసేవాళ్ళంతా మర్చిపోతారు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగలో సంతాన రొట్టె పట్టుకోవడానికి ఎంతమంది వస్తారో చూశావు కదా. రొట్టె పట్టుకోనీ, మనం కాదనక్కర్లేదు. కానీ మూడేళ్ళు ఆమెకే ఇంజెక్షన్లు, స్కానింగులు చేయించి అప్పుల పాలయ్యాక, చివర్లో మొగుడికి వీర్య పరీక్ష చేయిస్తారు. తక్కువ ఖర్చుతో అయ్యేది, ముందు చేయించాల్సింది అదే. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి, అంతే.

నోరు. ఈ పనిలో నోరు జారితే ఇంకెవరూ నీ గడప తొక్కరు. పేర్లు నోట్ పుస్తకంలో రాయకు. ఆస్పత్రి ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకు, ముఖం కనపడకపోయినా సరే, చీరని బట్టి గుర్తుపడతారు. ఫోన్ చేసినప్పుడు మొగుడో అత్తో ఎత్తితే ఏం చెప్పాలో ముందే ఆమెతో అనుకో. డ్వాక్రా లోను గురించి అనేది నేను వాడే మాట. మాట్లాడటానికి స్టేజీ, మైకు వద్దు. ఆడవాళ్ళు ముందే కూర్చునే చోటికి నువ్వు వెళ్ళు. మన జిల్లాలో 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచింది కూడా సాయంత్రం అక్షరాస్యత తరగతుల దగ్గర ఒకరితో ఒకరు మాట్లాడుకునే కదా.

డబ్బు సంగతి. ట్రస్టు రిజిస్ట్రేషన్, ఆడిట్, బ్యాంకు ఖాతా, వీటితోనే మొదటి ఏడాది అయిపోతుంది. నలుగురు స్నేహితులు నెలకింత వేసుకోండి. అది ఆటోకి, పోయిన రోజు కూలికి, బయట ల్యాబు పరీక్షకి. ఊరి ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీకి ఏటా 10,000 రూపాయల వరకు నిధి వస్తుంది. అత్యవసరంగా మనిషిని తరలించడానికి అందులోంచి వాడొచ్చు. చాలా ఊళ్ళలో ఆ కమిటీ ఉందనే ఎవరికీ తెలియదు. సర్పంచినీ ఏఎన్ఎంనీ అడిగి మీటింగ్ ఎప్పుడో కనుక్కో. మందుల చీటీ పట్టుకుని జనఔషధి షాపులో అడిగి చూడు, బయట ధరకీ అక్కడి ధరకీ ఉన్న తేడా నీకే తెలుస్తుంది.

మీది ఏ మండలమో, ఏ పీహెచ్‌సీ కిందికి వస్తుందో రాయి. అక్కడి నుంచి స్కానింగ్‌కి ఎటు పంపుతారో, ఓపీకి ఎన్నింటికి బయల్దేరితే అందుతుందో చెబుతా.